నాలుగు వరుసల్లో ఒక మనిషి: దారి పాత్రల ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం

నల్లగొండలో మా ఇంటి పై గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం అయిదుగురం కూర్చుని ఆడుకునే పాత్రధారణ ఆటకు ఈ నెలతో ఏడాది నిండింది. నలుగురు ఆటగాళ్లు తలా ఒక వీరుడినో మాంత్రికురాలినో నడుపుతారు. వాళ్లు తిరిగే లోకాన్నీ, ఆ లోకంలో వాళ్లకు ఎదురయ్యే మిగతా అందరినీ నడిపే పని నాది. మా బల్ల దగ్గర నన్ను సూత్రధారి అంటారు, ఆటగాళ్లు నడపని మనుషులను దారి పాత్రలు అంటాం. వీటికి ఎన్‌పీసీ అన్న పొట్టి పేరు ఎలాగూ ఉంది గాని, దారిలో తగిలే మనిషి అన్న భావం తెలుగు మాటలోనే బాగా పలుకుతుందని నా అభిప్రాయం.

ఈ డైరీ మొదలుపెట్టడానికి కారణం పోయిన ఆదివారం జరిగిన ఒక సంఘటన. ఆటగాళ్లు బండరాళ్ల గుట్ట మీది పాడుబడ్డ కోటకు వెళ్లాలి. ఆ కోటలో ఉండే దొర గురించి నేను పదకొండు పేజీలు రాసి పెట్టుకున్నాను. వాళ్లు దారిలో చెరువు కట్ట మీద ఆగి, తూము పక్కన కూర్చున్న ముసలాయనను "నీ పేరేంది తాతా?" అని అడిగారు. తూము పక్కన ఒక ముసలాయన ఉన్నాడని వర్ణనలో చెప్పింది నేనే, కాని ఆయన గురించి నా దగ్గర ఒక్క అక్షరం కూడా లేదు. కాసేపు ఆగి "రాజయ్య" అన్నాను. మాంత్రికురాలిని నడిపే మా మేనకోడలు తన నోటుపుస్తకం తిరగేసి, "మామా, ఈ సీమల మనకు దొరికిన మూడో రాజయ్య ఈయన" అంది. ఆమె అన్నది న్యాయమే. కోట దొరను వాళ్లు ఆ రోజు కలవనే లేదు, ముసలాయనతో మాత్రం మాట్లాడాలనుకున్నారు, నేను వాళ్లకు ఒట్టి పేరు తప్ప మరేమీ ఇవ్వలేకపోయాను.

అందుకే ఈ ప్రాజెక్టు పెట్టుకున్నాను. ఆట ఆగకుండా, బల్ల దగ్గరే, ఒక్క నిమిషం లోపల ఒక దారి పాత్ర తయారు కావాలి. వారం తరవాత కూడా ఆటగాళ్లకు ఆ మనిషి గుర్తుండాలి. రెండూ ఒకేసారి కుదరాలి.

మంగళవారం రాత్రి

మొదట పాత పద్ధతినే గడియారం పెట్టి చూశాను. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట వచ్చినప్పటి నుంచి పాత్రకు ఆరు గుణాలు ఉంటున్నాయి: బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ. ఒక్కో గుణానికి మూడు మామూలు పాచికలు వేసి మొత్తం కూడడం తొలినాటి రివాజు. ఒక కుమ్మరికి ఆరు గుణాలూ వేసి, ఆయుధాలు, దుస్తులు, గతం రాసి ముగించేసరికి నలభై నిమిషాలు పట్టింది. రాసింది చదువుకుంటే అందులో ఆటకు పనికొచ్చేది ఒక్క వాక్యమే ఉంది.

లెక్క చూస్తే దానికి కారణం తెలుస్తుంది. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి, వాటిలో మొత్తం 10 గాని 11 గాని వచ్చేవి 54, అంటే సరిగ్గా నాలుగో వంతు. ఇప్పటి నియమాల ప్రకారం గుణం ఎక్కువైతే ఆటలో వేసే పాచిక మీద కొంత కలుపుతారు, తక్కువైతే తీసేస్తారు, 10కీ 11కీ మాత్రం కలిపేదీ తీసేసేదీ ఏమీ ఉండదు. 2014లో వచ్చిన అయిదో కూర్పులో సామాన్యుడికి ఆరు గుణాలూ 10 అనే ఇచ్చారు, ప్రాణబలం 4, రక్షణ 10. కుండలు చేసే మనిషికి అంతకన్నా వేరే అంకెలు వెతకడం వృథా శ్రమ. కత్తులు దూసే దాకా వస్తే ఈ మూడు అంకెలే వాడాలని, అంతవరకు కార్డు మీద ఒక్క అంకె కూడా రాయకూడదని నిర్ణయించుకున్నాను. ఈ నిర్ణయాన్ని తరవాత ఎక్కడా మార్చలేదు.

శుక్రవారం

రెండో ప్రయత్నం పట్టికలతో చేశాను. రెండు పాచికల్లో ఒకదాన్ని పదుల స్థానంగా, ఇంకొకదాన్ని ఒకట్ల స్థానంగా చదివితే 11 నుంచి 66 వరకు 36 ఫలితాలు వస్తాయి. పనికి ఒకటి, స్వభావానికి ఒకటి, రూపానికి ఒకటి చొప్పున ముప్పై ఆరేసి వరుసల పట్టికలు మూడు రాశాను. అవి మూడూ కలిస్తే 46,656 మంది వేర్వేరు మనుషులు పుట్టాలి.

సాయంత్రం గడియారం సెంటర్ దగ్గర మందుల దుకాణం నడిపే మిత్రుడు దుకాణం కట్టేసి వచ్చాడు, ఇద్దరం కలిసి పరీక్షించాం. మొదటి మనిషి ఎర్ర తలపాగా చుట్టుకున్న పిసినారి గంధపు నూనె వ్యాపారి. రెండో మనిషి కనుబొమలు కలిసిన, భయస్తురాలైన పడవ నడిపే మనిషి. ఒక్కొక్కరు అర నిమిషంలో వచ్చారు. అప్పుడు మిత్రుడు, "బాగుందన్నా, గని ఈ నూనె వ్యాపారి ఇప్పుడు మాతోని ఎందుకు మాట్లాడుతుండు?" అని అడిగాడు. నా పట్టికల్లో దానికి జవాబు లేదు. తలపాగా రంగు తెలిసినంత మాత్రాన ఆయన నోటి నుంచి మొదటి మాట రాదు. విశేషణాలు మనిషిని చూపిస్తాయి గాని నడిపించవు. రూపం పట్టికను ఆ రాత్రే తీసి పక్కన పెట్టాను, స్వభావం పట్టికను మాత్రం ఎందుకో వదులుకోలేక ఇంకో వారం ఉంచుకున్నాను.

తరువాతి ఆదివారం, ఆట లేని రోజు

ఇద్దరు ఆటగాళ్లు పెళ్లికి వెళ్లడంతో ఆట లేదు, నేను బాపును చూడడానికి ఊరికి వెళ్లాను. ఆయన చిన్ననాటి ఊరి వ్యవస్థ గురించి అడిగి రాసుకున్నాను, ఎందుకంటే మా ఆటలోని సీమలో కూడా గొలుసుకట్టు చెరువులు, గడీలు, బండల గుట్టలే ఉన్నాయి. నిజాం కాలం నుంచి తెలంగాణ ఊళ్లలో శిస్తు వసూలుకు మాలీ పటేల్, శాంతిభద్రతలకు పోలీసు పటేల్, భూమి లెక్కలకు పట్వారీ ఉండేవారు. ఆ పటేల్ పట్వారీ వ్యవస్థ ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో రద్దయింది. వాళ్ల కింద కబుర్లు మోసే సేతుసింధి, చెరువు నీళ్లను ఆయకట్టుకు వంతుల ప్రకారం వదిలే నీరటి వంటి వాళ్లు పనిచేసేవారు. ఇవన్నీ నాకు పైపైన తెలిసినవే. బాపు మాత్రం ఒకే వాక్యంలో నాకు కావలసింది చెప్పాడు: "తూము తెరిసేది నీరటి, తెరువుమనేది పటేలు, తిట్లు తినేది మళ్ల నీరటే."

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ మాట గురించే ఆలోచించాను. నీరటి స్వభావం ఏమిటో బాపు చెప్పలేదు, రూపం చెప్పలేదు, అయినా ఆ మనిషి నా కళ్ల ముందు కదిలాడు. ఆయన ఏ పని మీద చేయి వేశాడో తెలుసు, ఆ పని వెనక ఎవరున్నారో తెలుసు. అపరిచితులు వచ్చి తూము గురించి అడిగితే ఆయన ముందు ఎవరిని తలుచుకుని భయపడతాడో తెలుసు. పట్టికల్లోని నూనె వ్యాపారికి లేనిది అదే. ఆయన ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన పని లేదు, కాబట్టి ఆయనకు మాట్లాడవలసిన పనీ లేదు.

ఇల్లు చేరగానే కార్డు నమూనా రాశాను. అందులో నాలుగే వరుసలు. మొదటి వరుసలో పేరు, పని. రెండో వరుసలో ఈ క్షణాన చేతిలో ఉన్నది. మూడో వరుసలో పొద్దుగూకేలోపు ఆ మనిషికి కావలసింది. నాలుగో వరుసలో ఆ మనిషి ఎవరికి జవాబు చెప్పుకోవాలో. కార్డులకు అట్ట కొనలేదు. మా ఇంట్లో అల్మారా నిండా పాత శుభలేఖలు ఉన్నాయి, వాటి వెనక వైపు ఖాళీగా, గట్టిగా, పెన్ను చక్కగా నడిచేలా ఉంటుంది. ఒక శుభలేఖను అడ్డంగా కోస్తే రెండు కార్డులు వస్తాయి.

బుధవారం

ఈ రోజంతా పేర్ల గురించే. మూడో రాజయ్య నన్ను ఇంకా వదలలేదు.

పేర్ల జాబితా రాసిపెట్టుకోవడం సులువే గాని, జాబితాలోని పేరు పలికిన వెంటనే మరుగున పడిపోతుంది. మన జిల్లాలో పేర్లు ఎలా వస్తాయో గమనిస్తే ఇంతకన్నా మంచి దారి దొరికింది. యాదగిరి, యాదమ్మ, యాదయ్య అన్న పేర్లు వినగానే ఆ ఇంటివాళ్లకు యాదగిరిగుట్ట నరసింహస్వామి మీద ఉన్న భక్తి తెలుస్తుంది. సైదులు, సైదమ్మ అన్న పేర్లు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న ఇళ్లలో వినిపిస్తాయి, అవి పెట్టుకున్న వాళ్లలో హిందువులు ఎందరో ఉన్నారు. మైసయ్య, లింగయ్య, ఎల్లయ్య కూడా అంతే. పేరు చెప్పగానే ఆ ఇల్లు ఏ గుట్టకు మొక్కిందో, ఏ జాతరకు బండి కట్టిందో సగం అర్థమవుతుంది.

ఈ తీరునే మా కల్పిత సీమకు తెచ్చుకున్నాను. అక్కడ ముగ్గురు దేవతలను మాత్రమే పెట్టాను: వానలిచ్చే మొగులు దేవర, బండల గుట్టలను కాసే గట్టురాయుడు, నీడల తల్లి ఛాయమ్మ. ఒక్కొక్క దేవత పేరుకు అయ్య, అమ్మ, అన్న, ఉలు చేరిస్తే మొగులయ్య, మొగులమ్మ, గట్టయ్య, గట్టులు, ఛాయన్న వంటి పేర్లు ఆలోచించకుండానే నోటికి వస్తాయి. ఆటగాళ్లకు అవి పరాయిగా అనిపించవు, అలాగని మన పక్కింటివాళ్ల పేర్లూ కావు. పైగా ఒక లాభం నేను అనుకోకుండా వచ్చింది. గట్టయ్య అన్న పేరు వినగానే ఇతను గుట్ట పైవాడని ఆటగాళ్లే ఊహించుకుంటారు, చెరువు కింద గట్టయ్య కనిపిస్తే ఇక్కడికెందుకు వచ్చాడని వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంతోనే కథ నడుస్తుంది.

స్వభావం పట్టికను ఈ రోజు చించేశాను.

శనివారం

ఇక మిగిలింది ఎదురుపడిన మనిషి ఆటగాళ్లను చూడగానే ఎలా స్పందిస్తాడన్నది. నా ఇష్టానికి వదిలేస్తే అందరూ సాయం చేసే మంచివాళ్లే అవుతున్నారు, ఎందుకంటే ఆటగాళ్ల మీద నాకు ప్రేమ ఎక్కువ. పాత నియమాల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1981 నాటి బేసిక్ కూర్పులో రెండు పాచికలు వేసి మొత్తం చూస్తారు. 2 పడితే ఎదుటివాళ్లు వెంటనే మీద పడతారు, 3 నుంచి 5 వరకు శత్రుభావం, 6 నుంచి 8 వరకు ఎటూ తేల్చుకోలేని స్థితి, 9 నుంచి 11 వరకు దాడి లేదు, 12 పడితే గాఢ స్నేహం.

పాచికల కోసం వెతుకుతుంటే అమ్మ అష్టాచెమ్మ ఆడే చింతగింజలు బల్ల సొరుగులో కనిపించాయి. నాలుగు గింజలు, బండ మీద ఒకవైపు తెల్లగా తేలేదాకా అరగదీసినవి. నాలుగూ తెలుపు పడితే చెమ్మ, నాలుగూ నలుపు పడితే అష్ట అని చిన్నప్పటి నుంచి ఆడుతున్నదే. కాగితం మీద లెక్క వేసి చూశాను. నాలుగు గింజలు 16 రకాలుగా పడతాయి. నాలుగూ తెలుపు ఒక్కసారి, మూడు తెలుపు నాలుగుసార్లు, రెండు తెలుపు ఆరుసార్లు, ఒక్క తెలుపు నాలుగుసార్లు, నాలుగూ నలుపు ఒక్కసారి. పాత పట్టికలోనూ సరిగ్గా అయిదు మెట్లే ఉన్నాయి. అక్కడ 36 రకాల్లో శత్రుభావానికి 9, దాడి లేకపోవడానికి 9, అంటే చెరి 25 శాతం. గింజల్లో ఒక్క తెలుపుకూ మూడు తెలుపులకూ 16లో చెరి నాలుగు, అవీ 25 శాతమే. నడిమి మెట్టు పాచికల్లో 44 శాతం, గింజల్లో 37.5 శాతం. కొసలు మాత్రం తేడాగా ఉన్నాయి: పాచికల్లో గాఢ స్నేహం గాని తక్షణ దాడి గాని 36లో ఒకసారే వస్తాయి, గింజల్లో 16లో ఒకసారి వస్తాయి. మా ఆటకు ఈ తేడా మేలే చేస్తుంది, ఎందుకంటే ఒక మధ్యాహ్నంలో ఏడెనిమిది మంది దారి పాత్రలు ఎదురవుతారు, వాళ్లలో ఒక్కరైనా ఊహించనంత ఆప్యాయతో పగో చూపాలంటే 36లో ఒక అవకాశం మరీ అరుదు.

ఒక చిక్కు ఉంది. అరగదీసిన గింజ నాణెంలాగా రెండు వైపులా సమానంగా పడదు. ఒకవైపు చదునుగా, ఇంకోవైపు ఉబ్బుగా ఉండడం వల్ల మా ఇంటి గింజలు నలుపే ఎక్కువ చూపిస్తున్నాయి. మొదట దీన్ని సరిచేద్దామని కొత్త గింజలు అరగదీశాను, తరవాత ఆ పని మానేసి నలుపును అనుమానానికి ఇచ్చాను. యుద్ధం నడుస్తున్న సీమలో ఆయుధాలు పట్టుకుని వచ్చిన అపరిచితులను జనం కొంచెం ఎక్కువ అనుమానించడమే సహజం. ప్రశాంతంగా ఉన్న ఊళ్లకు రంగులు తిప్పి చదివితే సరిపోతుంది.

ఆదివారం, మొదటి పూర్తి పరీక్ష

ఆటగాళ్లు మళ్లీ అదే చెరువు కట్ట మీదికి వచ్చారు. ముసలాయన పేరు రాజయ్య కాదని, పోయినసారి నా వల్ల జరిగిన పొరపాటని ముందే చెప్పి, కొత్త కార్డు రాయడానికి వ్యవధి అడిగాను. లెక్కల టీచర్‌గా పనిచేసే ఆటగాడు ఫోన్‌లో టైమర్ పెట్టాడు. యాభై సెకన్లు పట్టింది. కార్డు మీద ఉన్నది ఇది:

నీరటి మొగులయ్య.
చేతిలో: తూము కర్రకు తడి గోనెపట్టా చుడుతున్నాడు.
కావలసింది: చీకటి పడకముందు కింది మడులకు నీళ్లు చేరాలి, కాని తూములో ఏదో అడ్డుపడింది.
జవాబు: మాలీ పటేలుకు. పొద్దున్నుంచి రెండుసార్లు కబురొచ్చింది.

గింజలు వేస్తే ఒక్క తెలుపు పడింది, అంటే అనుమానం. ఆటగాళ్లు కోటకు తొవ్వ అడిగారు. మొగులయ్య తల ఎత్తలేదు. నా చేతిలో ఉన్న తువాలను పెన్ను చుట్టూ గట్టిగా చుడుతూ, "పటేలు తోలిచ్చిండా మిమ్ముల?" అన్నాను. నాలుగో వరుస లేకపోతే ఆ ప్రశ్న నా నోటికి వచ్చేది కాదు. కాదని ఆటగాళ్లు చెప్పినా ఆయన నమ్మలేదు. యోధుడిని నడిపే మందుల దుకాణం మిత్రుడు కాసేపు చూసి, "తాతా, ముందుగాల ఆ కర్ర ఇటియ్యి, నేను పడ్త" అన్నాడు. ఇద్దరూ కలిసి లాగితే తూములోంచి బారెడు జడ బయటికొచ్చింది, మొదట తలవెంట్రుకలు, ఆ తరవాత వాటి కొసకు చిక్కుకున్న ఇత్తడి గజ్జెలు. నీటి యక్షిణి ఒకటి చెరువులో ఉందని నేను ఎప్పుడో రాసి మరిచిపోయాను, అది ఇక్కడికి వచ్చి చేరింది. మొగులయ్య చేతులు జోడించి, "పటేలుకు ఎరుక గానీయకుండ్రి బిడ్డా, తూము బంద్ జేపిస్తడు, కింద పొలాలు ఎండిపోతయి" అన్నాడు.

ఆ తరవాత రెండు గంటల పాటు ఆట ఆ తూము చుట్టూనే తిరిగింది. కోటకు వెళ్లలేదు. నాకు ఏ బాధా కలగలేదు, ఎందుకంటే ఏడాదిలో మొదటిసారి నలుగురు ఆటగాళ్లూ ఒక పొలానికి నీళ్లు పారాలా వద్దా అన్న విషయం మీద నిజంగా వాదించుకున్నారు.

గొంతు మార్చి మాట్లాడడం గురించి ఇక్కడే రాసుకోవాలి. నేను నటుడిని కాను, ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతు పెట్టడం నాకు రాదు. ఒక కులం మాట తీరునో ఒక ప్రాంతం యాసనో నవ్వు కోసం అనుకరించడం నాకు ఇష్టం లేదు. తువాల చుట్టడం చాలింది. రెండో వరుసలో రాసిన చేతిపనిని బల్ల దగ్గర నా చేతులు కూడా చేస్తుంటే, మాట దానంతట అదే ఆ పని వేగానికి తగ్గట్టు నడుస్తుంది. పని ఆపి మాట్లాడితే ఆ మనిషికి ఆ మాట ముఖ్యమైనదని ఎవరూ చెప్పకుండానే ఆటగాళ్లకు తెలుస్తుంది.

జూలై, మొదటి గురువారం

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు వెళ్లి ఛాయా సోమేశ్వరాలయం మళ్లీ చూసి వచ్చాను. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభపు నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. మండపంలోని స్తంభాల అమరిక వల్ల, వాటి మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగు వల్ల అది ఏర్పడుతుంది. మా సీమలోని ఛాయమ్మ గుడికి పూజారి కార్డు అక్కడే మెట్ల మీద కూర్చుని రాశాను. ఛాయన్న, నీడ కాపరి. చేతిలో ఒత్తులు చేసుకుంటున్నాడు. నీడ ఈ మధ్య వెంట్రుకవాసి పక్కకు జరిగిందని ఆయనకొక్కడికే తెలుసు, ఎవరూ కొలవకముందే కారణం కనుక్కోవాలి. నాలుగో వరుసలో ఎవరి పేరు రాయాలన్నది చాలాసేపు తోచలేదు, పై పూజారో రాజో అని రాస్తే చప్పగా ఉంది. చివరికి మొగులయ్య పేరు రాశాను. ఛాయన్న ఆయన తమ్ముడు, గుడి దీపాల నూనెకు అన్న దగ్గర అప్పు చేశాడు. కొత్త మనిషిని పాత కార్డుకు ముడివేయడం ఇంత తేలికని అంతకుముందు అనుకోలేదు. అప్పటి నుంచి ప్రతి మూడో కార్డుకూ నాలుగో వరుసలో పెట్టెలో ఉన్న పేరునే వాడుతున్నాను. ప్రతి కార్డుకూ అలాగే చేస్తే మాత్రం సీమ మొత్తం ఒకే ఇంటి గొడవ అయిపోతుంది, ఒక ఆదివారం ఆ తప్పు చేసి చూశాను.

కార్డు వెనక వైపు పెళ్లివారి పేర్లు అచ్చయి ఉన్నాయి కాబట్టి, ఆట ముగిశాక జరిగిన సంగతిని ముందువైపే అడుగున ఒక్క వాక్యంలో రాస్తున్నాను. మొగులయ్య కార్డు అడుగున "జడ కోయనియ్యలేదు" అని ఉంది. వారం తరవాత ఆయనగా మాట్లాడడానికి నాకు ఆ రెండు మాటలే చాలాయి.

ఇప్పటికి పెట్టెలో ఇరవై ఆరు కార్డులు ఉన్నాయి. పెద్ద గుంపు ఎదురైనప్పుడు ఈ పద్ధతి ఇంకా తడబడుతోంది. సంతలో నలుగురు ఒకేసారి మాట్లాడితే నాలుగు కార్డులు రాసే వ్యవధి ఉండదు. గుంపుకు అంతటికీ ఒకే కార్డు రాసి, అందులో ముందుగా నోరు తెరిచిన వాళ్లకు మాత్రం పేరు పెట్టడం వచ్చే వారం ప్రయత్నిస్తాను.

మాలీ పటేలుకు ఇంకా కార్డు లేదు. ఆరు కార్డుల నాలుగో వరుసలో ఆయన పేరు ఉంది, ఆటగాళ్లలో ఎవరూ ఆయనను చూడలేదు, నేనూ ఆయన గురించి ముందుగా ఏమీ రాయలేదు. మేనకోడలు నిన్న ఫోన్ చేసి, "మామా, ఆదివారం మేం సక్కగ పటేలు ఇంటికే వోతం, తూము సంగతి ఆయన్నే అడుగుతం" అంది. ఒక శుభలేఖ కోసి, మొదటి మూడు వరుసలు ఖాళీగా ఉంచి, నాలుగో వరుసలో పటేలు ఎవరికి జవాబు చెప్పుకోవాలో ఈ రాత్రి ఒక్క పేరు రాసి పెట్టాను.